మూడో చిల్లు

నా చిన్నతనంలో మా ఇంట్లో ఇస్త్రీ చేయాలంటే ముందుగా కావలసింది ఇస్త్రీపెట్టె కాదు, పీట. భోజనాలకు వాడే చెక్కపీటను తెచ్చి బల్ల ముందు వేసుకుని, దాని మీద నిలబడి మా అమ్మ బట్టలు ఇస్త్రీ చేసేది. పీట లేకపోతే పెట్టె అంచు తగిలినప్పుడల్లా చెయ్యి జివ్వుమనేది. "తడి చేత్తో ముట్టుకోకు, నేల మీద నిలబడి ముట్టుకోకు" అన్నవి మా ఇంట్లో "చెప్పులతో లోపలికి రాకు" అన్నంత సహజమైన నియమాలు. అది పెట్టెలోని లోపమని గాని, గోడలోని లోపమని గాని మాకెవరికీ తోచలేదు. కరెంటు వస్తువు అన్నాక ఆ మాత్రం ఉంటుందనుకునేవాళ్ళం. పెట్టె తీగ చివర మూడు పిన్నుల ప్లగ్గు ఉండేది. గోడకున్న సాకెట్టుకు మూడు చిల్లులుండేవి. మూడూ మూడింటిలో చక్కగా ఇమిడేవి.

చాలా ఏళ్ళకు, పాత చెక్కబద్దీల వైరింగు తీసేసి గోడల్లో పైపులు వేయిస్తున్నప్పుడు, ఎలక్ట్రీషియను ఆ బోర్డు విప్పి నన్ను పిలిచి చూపించాడు. కింది రెండు చిల్లుల వెనక రెండు తీగలున్నాయి. పైనున్న మూడో చిల్లు వెనక ఏమీ లేదు. ఒక ఇత్తడి గొట్టం, దానికొక మర, అంతే. ఆ మరకు ఎన్నడైనా తీగ బిగించిన గుర్తు కూడా లేదు. అన్నేళ్ళపాటు మా అమ్మ ప్రాణానికి కాపలా కాసింది ప్లగ్గు కాదు, పీట.

అప్పటినుంచి ఎక్కడికి వెళ్ళినా గోడకున్న చిల్లులను పరకాయించి చూడటం నాకొక అలవాటయింది. ఒక్కో దేశంలో అవి ఒక్కో విధంగా ఉన్నాయని విదేశయానం చేసినవాళ్ళందరికీ తెలుసు. ప్రపంచంలోని సాకెట్లను ఆంగ్లాక్షరాల్లో ఎ నుంచి ఓ దాకా పదిహేను రకాలుగా లెక్కిస్తున్నారు. ఇన్ని రకాలెందుకు? మనకు ఈ మూడు గుండ్రటి చిల్లులే ఎందుకు దక్కాయి? ఈ ప్రశ్నలకు జవాబులు వెతికితే, గోడలో దాగిన కొంత చరిత్ర బయటపడింది.

విద్యుత్తు ఇళ్ళలోకి మొదట వచ్చింది దీపంగానే. 1882లో లండన్‌లోని హాబర్న్ వయాడక్ట్ దగ్గరా, న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్‌లోనూ ఎడిసన్ కేంద్రాలు కరెంటు అమ్మడం మొదలుపెట్టినప్పుడు, కొన్నవాళ్ళకు కావలసింది వెలుతురొక్కటే. 1899లో కలకత్తా వీధుల్లోకి, ఇళ్ళలోకి వచ్చినదీ వెలుతురే. కాబట్టి ఇంట్లో కరెంటు తీసుకోవడానికి ఉన్న ఏకైక ద్వారం బల్బు హోల్డరు. తరువాత ఇస్త్రీపెట్టెలు, పంకాలు, నీళ్ళు కాచే పాత్రలు వచ్చినప్పుడు వాటికి వేరే ద్వారం లేదు. బల్బు తీసి, ఆ హోల్డరులోనే ఇస్త్రీపెట్టె తీగను తగిలించేవారు. పైకప్పు నుంచి వేలాడే తీగకు ఇస్త్రీపెట్టె తగిలించి, చీకట్లో బట్టలు ఇస్త్రీ చేసిన ఇల్లాళ్ళు ఆ రోజుల్లో అన్ని దేశాల్లోనూ ఉన్నారు. మన ఊళ్ళలో వినాయకచవితి పందిళ్ళలో బల్బు హోల్డరుకు అడాప్టరు తగిలించి సీరియల్ లైట్లు వెలిగించడం చూసినవాళ్ళకు ఈ సంగతి కొత్తగా అనిపించదు. అది వందేళ్ళ నాటి పద్ధతి.

ఇక్కడే దేశాల దారులు చీలాయి. అమెరికాలో ఎడిసన్ బల్బుకు మరలుండేవి. తిప్పి బిగించాలి. ఇస్త్రీపెట్టెను బిగించాలంటే తీగ మొత్తం మెలి తిరిగేది. కనెక్టికట్ రాష్ట్రంలోని హార్వే హబెల్ అనే తయారీదారు దీనికొక ఉపాయం కనిపెట్టి 1904లో పేటెంటు పొందాడు. హోల్డరులో బిగించే భాగం ఒకటి, దానిలోకి నేరుగా గుచ్చి లాగేయగలిగే భాగం మరొకటి. ఈ రెండో భాగమే అమెరికా ప్లగ్గుకు మూలపురుషుడు. కొన్నాళ్ళకు దాని ముళ్ళు సమాంతరంగా నిలబడ్డ రెండు పలుచని రేకులుగా స్థిరపడ్డాయి. ఇప్పటికీ అమెరికా గోడల మీద కనిపించేవి ఆ రేకులు దూరే చీలికలే. బ్రిటన్‌లో బల్బుకు మరలు లేవు. రెండు పక్కల రెండు చిన్న ముళ్ళతో, నొక్కి తిప్పితే బిగిసే పద్ధతి వారిది. మన ఇళ్ళలోకి వచ్చిన హోల్డరు కూడా అదే. అక్కడ ప్లగ్గులకు గుండ్రటి ఇత్తడి పిన్నులు వాడుకలోకి వచ్చాయి.

ఆ రోజుల్లో ఇలా ఎవరి దారి వారు పట్టడంలో ఎవరికీ తప్పు కనిపించలేదు. ఇస్త్రీపెట్టె ఇల్లు దాటి వెళ్ళే వస్తువు కాదు. పెట్టెలో పెట్టుకుని సముద్రాలు దాటించే కరెంటు సామాను ఇంకా పుట్టలేదు. ఏ కంపెనీ ప్లగ్గు ఆ కంపెనీ సాకెట్టులో పడితే చాలు. ఒక్కో దేశంలో ప్రమాణాలు ఏర్పడేనాటికి ఆ దేశపు గోడల్లో వేలాది సాకెట్లు ఉండనే ఉన్నాయి. ప్రమాణాలు రాసినవాళ్ళు చేసిందల్లా, అప్పటికే ఎక్కువగా వాడుకలో ఉన్నదాన్ని కాగితం మీద పెట్టడమే.

డబ్బు లెక్కలు కూడా ప్లగ్గుల ఆకారాన్ని శాసించాయి. ఇటలీలో దీపాలకు వాడే కరెంటుకు ఒక ధర, పన్ను, ఇతర పనులకు వాడే కరెంటుకు మరొక ధర, పన్ను ఉండేవి. రెండింటికీ వేర్వేరు తీగలు, వేర్వేరు మీటర్లు. చవక కరెంటును దీపాలకు వాడుకోకుండా ప్లగ్గులు కూడా రెండు కొలతల్లో చేశారు. ఆ రెండు ధరల పద్ధతి 1970లలో పోయింది. రెండు కొలతల ప్లగ్గులు మాత్రం పోలేదు. పది ఆంపియర్లవి, పదహారు ఆంపియర్లవి ఇప్పటికీ ఇటలీ ఇళ్ళలో పక్కపక్కన కనిపిస్తాయి. చట్టాన్ని ఒక సంతకంతో రద్దు చేయవచ్చు. గోడను రద్దు చేయాలంటే ఉలీ సుత్తీ పట్టుకోవాలి, దానికయ్యే ఖర్చు ఇంటివాడే భరించాలి.

వోల్టేజి సంగతి కూడా ఇలాంటిదే. ఎడిసన్ 110 వోల్టులతో మొదలుపెట్టాడు. అమెరికా ఆ దాపులనే ఉండిపోయి ఇవాళ 120 వోల్టుల దగ్గర ఉంది. జపాన్ 100 దగ్గర ఆగింది. ఐరోపా వోల్టేజిని రెట్టింపు చేసుకుంది. అంతే శక్తిని రెట్టింపు వోల్టేజితో పంపితే తీగలో ప్రవాహం సగమవుతుంది, రాగి ఆదా అవుతుంది. బ్రిటన్ ద్వారా మనకు వచ్చినదీ ఈ ఎక్కువ వోల్టేజే. దీనివల్ల రెండు ఫలితాలు కలిగాయి. అమెరికాలో మామూలు సాకెట్టు నుంచి 15 ఆంపియర్ల చొప్పున 1800 వాట్లు మాత్రమే వస్తాయి. బ్రిటన్ సాకెట్టు 13 ఆంపియర్లతోనే దాదాపు 3000 వాట్లు ఇస్తుంది. అందుకే ఇంగ్లండులో టీ నీళ్ళు అమెరికాలో కన్నా త్వరగా మరుగుతాయి. రెండో ఫలితం, 230 వోల్టులు మనిషికి తగిలితే 120 కన్నా గట్టిగా తగులుతుంది. అమెరికాకు కాపురానికి వెళ్ళే అమ్మాయికి 110 వోల్టుల మిక్సీ వెతికి కొనిపెట్టే తల్లిదండ్రులకు ఈ తేడా బాగానే తెలుసు. అడాప్టరు ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజిని మార్చదన్న పాఠం మాత్రం చాలామంది ఒక ఉపకరణాన్ని కాల్చుకున్నాకే నేర్చుకున్నారు.

ఇంతదాకా చెప్పినదంతా రెండు పిన్నుల కథ. కరెంటు ఒక తీగలో వచ్చి మరొక తీగలో తిరిగి వెళ్ళడానికి రెండు చాలు. మరి మూడోది ఎందుకు?

ఇస్త్రీపెట్టె లోపల ఫేజు తీగ మీది తొడుగు వేడికి పెళుసెక్కి, ఊడి, తీగ పెట్టె లోహాన్ని తాకిందనుకుందాం. పెట్టె మామూలుగానే వేడెక్కుతుంది. పైకి ఏ తేడా కనిపించదు. కాని పెట్టె ఒళ్ళంతా ఇప్పుడు 230 వోల్టులు. నేల మీద నిలబడి ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి కరెంటు భూమిలోకి దారి చేసుకుంటుంది. మా అమ్మ పీట చేసిన పని ఆ దారిని అడ్డుకోవడమే. మూడో తీగ చేసేది దీనికి పూర్తిగా భిన్నమైన పని. అది కరెంటును అడ్డుకోదు, మనిషి కన్నా సులభమైన దారిని ముందే పరిచి ఉంచుతుంది. పెట్టె లోహానికి కట్టిన ఆ తీగ ప్లగ్గులోని మూడో పిన్ను ద్వారా, గోడలోని తీగ ద్వారా భూమిలోకి వెళ్తుంది. ఫేజు తీగ లోహాన్ని తాకిన మరుక్షణం ఆ దారిలో పెద్ద ప్రవాహం పారి ఫ్యూజు పోతుంది. పెట్టె చల్లబడుతుంది. మనిషికి ప్రమాదం తప్పుతుంది.

1920లలో, 30లలో విద్యుత్తు దీపాల గదుల నుంచి వంటింట్లోకి, దొడ్లోకి, తడి నేలల మీదికి వచ్చేసరికి ఈ మూడో దారి అవసరం అందరికీ అర్థమయింది. కాని దాన్ని అమర్చిన తీరు ఒక్కో దేశానిది ఒక్కో విధం. జర్మనీలో బవేరియాకు చెందిన ఆల్బర్ట్ బుట్నర్ కంపెనీ సాకెట్టును లోపలికి గుంటగా చేసి, అంచుల్లో రెండు ఇత్తడి పట్టీలు పెట్టింది. దీనికి 1930లో పేటెంటు లభించింది. షూకో అని పిలిచే ఈ పద్ధతిలో మూడో పిన్ను ఉండదు. ప్లగ్గు పక్కలనున్న లోహపు గీతలు పట్టీలను రాసుకుంటూ లోపలికి వెళ్తాయి. షూకో అన్నది రక్షణ స్పర్శ అనే అర్థం గల జర్మన్ మాటకు సంక్షిప్తం. ఫ్రెంచివారు తలకిందులుగా ఆలోచించారు. వారి సాకెట్టులోంచే ఒక పిన్ను బయటికి పొడుచుకుని ఉంటుంది, ప్లగ్గుకు చిల్లు ఉంటుంది. రెండు దేశాల ప్లగ్గుల ప్రధాన పిన్నులు మాత్రం ఒకటే. మందం 4.8 మిల్లీమీటర్లు, మధ్య దూరం 19 మిల్లీమీటర్లు. అందుకే తరువాతి కాలంలో పక్కన పట్టీలూ, మధ్యలో చిల్లూ రెండూ ఉన్న ఉమ్మడి ప్లగ్గు చేసి ఇరుదేశాలవారూ సర్దుకోగలిగారు.

అమెరికావారు పాత రెండు చీలికల కింద అర్ధచంద్రం లాంటి మూడో చిల్లు చేర్చారు. పాత రెండు రేకుల ప్లగ్గు ఈ కొత్త సాకెట్టులోనూ పడుతుంది కాబట్టి ఎవరూ నష్టపోలేదు. అమెరికాలో పుట్టిన మరొక నమూనాలో రేకులు నిటారుగా కాక ఏటవాలుగా ఉండేవి. దాన్ని 1930లలో ఆస్ట్రేలియా తనదిగా చేసుకుంది. అదే ఆకారం చైనాలో తలకిందులుగా కనిపిస్తుంది. అర్జెంటీనాలో ఆకారం అదే గాని ఫేజు, న్యూట్రలు స్థానాలు తారుమారు. ఒకే నమూనాను ముగ్గురు మూడు విధాలుగా రాసుకున్నారన్నమాట.

ఇక బ్రిటన్. మన కథకు మూలం అక్కడే ఉంది. 1934లో అక్కడ బి.ఎస్. 546 అనే ప్రమాణం వెలువడింది. మూడు గుండ్రటి పిన్నులు, త్రిభుజాకారంలో. కింద రెండు ఒకే మందం, పైన ఒకటి లావుగా, పొడవుగా. లావు ఎందుకంటే, అది పొరపాటున ఫేజు చిల్లులోకి దూరకూడదు. పొడవు ఎందుకంటే, గుచ్చేటప్పుడు భూమి దారి అన్నిటికన్నా ముందు కలవాలి, లాగేటప్పుడు అన్నిటికన్నా చివర విడిపోవాలి. కరెంటు వచ్చేలోపు రక్షణ వచ్చి ఉండాలి, కరెంటు పోయాకే రక్షణ పోవాలి. ఒక ఇత్తడి ముక్క కొలతలోనే ఈ వరుస క్రమమంతా ఇమిడ్చిన ఆ అజ్ఞాత ఇంజనీర్లకు నమస్కరించాలనిపిస్తుంది.

ఈ ప్రమాణంలో 2, 5, 15, 30 ఆంపియర్ల ప్లగ్గులు నాలుగు కొలతల్లో ఉండేవి. వాటిలో రెండు మనకు బాగా పరిచయం. అయిదు ఆంపియర్ల చిన్న ప్లగ్గు, పదిహేను ఆంపియర్ల పవర్ ప్లగ్గు. చిన్నదానిలో కింది పిన్నుల మధ్య దూరం 19.05 మిల్లీమీటర్లు. ఇదేం వింత అంకె అనిపిస్తుంది గాని, అది సరిగ్గా ముప్పావు అంగుళం. పెద్దదానిలో ఆ దూరం 25.4 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా ఒక అంగుళం. మన దేశంలో 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది, 1957లో అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. తులాలు, వీసెలు, గజాలు ఒక్కొక్కటిగా కొట్లలోంచి మాయమయ్యాయి. గోడలోని అంగుళాన్ని మాత్రం ఎవరూ కదపలేదు. ఐరోపావారి 19 మిల్లీమీటర్లకూ మన 19.05కూ తేడా వెంట్రుకవాసి కాబట్టే వారి సన్నపిన్నుల ఛార్జర్లు మన సాకెట్లలో దూరుతాయి. పిన్ను మందం మాత్రం మన 5.08 మిల్లీమీటర్లకు తక్కువ కాబట్టి అవి వదులుగా ఊగుతూ, ఒక్కోసారి చిటపటమంటూ ఉంటాయి.

అయితే ఇవాళ ఇంగ్లండు వెళ్ళినవారికి ఈ గుండ్రటి చిల్లులు ఇళ్ళలో కనిపించవు. నలుపలకల చిల్లులు కనిపిస్తాయి. మనకు ఇచ్చినవారు దాన్ని ఎప్పుడు వదిలేశారు? ఎందుకు?

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, 1942లో, యుద్ధానంతరం కట్టబోయే ఇళ్ళలో విద్యుత్తు ఎలా ఉండాలో నిర్ణయించడానికి బ్రిటన్‌లో ఒక సంఘం ఏర్పాటయింది. బాంబుదాడుల్లో లక్షల ఇళ్ళు దెబ్బతిన్నాయి. ఎలాగూ కొత్తగా కట్టక తప్పదు. రాగికి కరువు. ఆ సంఘంలో ఉన్న ఏకైక మహిళ కారొలిన్ హాస్లెట్. 1895లో పుట్టిన ఆమె స్త్రీల ఇంజనీరింగు సంఘానికి తొలి కార్యదర్శి. 1924లో స్థాపించిన మహిళా విద్యుత్ సంఘానికి సంచాలకురాలు. విద్యుత్తు స్త్రీల చాకిరీని తగ్గించాలన్నది ఆమె జీవితాంతం చెప్పిన మాట. చాకిరీ తగ్గించే వస్తువు చంపేది కాకూడదు కదా.

ఆ సంఘం 1944లో ఇచ్చిన నివేదిక రెండు మార్పులు సూచించింది. మొదటిది, ఒక్కో సాకెట్టుకు ఒక్కో తీగ లాగకుండా ఇంటి చుట్టూ ఒకే తీగను వలయంగా తిప్పి, రెండు కొసలూ ఫ్యూజుబోర్డు దగ్గరే కలపడం. కరెంటు రెండు వైపుల నుంచీ వస్తుంది కాబట్టి తీగ సన్నగా ఉన్నా సరిపోతుంది, రాగి మిగులుతుంది. కాని ఆ వలయానికి 30 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. టేబుల్ లైటు సన్నతీగ కాలిపోతున్నా 30 ఆంపియర్ల ఫ్యూజు కదలదు. అందుకని ప్రతి ప్లగ్గులోనూ ఒక చిన్న ఫ్యూజు పెట్టాలి. పాత ప్లగ్గులు ఈ వలయంలో పెట్టడానికి వీల్లేదు కాబట్టి కొత్త ప్లగ్గు పాత సాకెట్టులో పట్టని ఆకారంలో ఉండాలి. రెండో మార్పు పసిపిల్లల కోసం. ఫేజు, న్యూట్రలు చిల్లులకు లోపల మూతలుండాలి. పొడవైన ఎర్తు పిన్ను పైచిల్లులోకి వెళ్ళి నొక్కితేనే ఆ మూతలు తెరుచుకోవాలి. ఏ పసివాడూ చీపురుపుల్లో మేకో తెచ్చి అందులో గుచ్చలేడు. ఈ ప్రమాణం బి.ఎస్. 1363 పేరుతో వెలువడింది.

అది వెలువడిన సంవత్సరం 1947.

ఆ సంవత్సరం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఆ ఏడాది జనవరిలోనే మన దేశంలో ప్రమాణాలు రాయడానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఏర్పడింది. మనం ఐ.ఎస్.ఐ. మార్కుగా ఎరిగినది దాని ముద్రనే. ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చింది. తెల్లవారు ఇక్కణ్ణుంచి వెళ్ళిపోయిన ఏడాదే, తాము ఇక్కడ బిగించిన ప్లగ్గును తమ ఇళ్ళలోంచి తీసేయడం మొదలుపెట్టారు. మనకు మిగిలింది వారు వదిలేసినది. 1958లో మన సంస్థ ఐ.ఎస్. 1293 పేరుతో ప్లగ్గుల ప్రమాణం వెలువరించింది. అది బి.ఎస్. 546 అడుగుజాడల్లో నడిచింది. తరువాతి సవరణల్లో అయిదు ఆరుగానూ, పదిహేను పదహారుగానూ మారాయి గాని, చిల్లులు అవే.

ఇది తెలిసినప్పుడు నాకు మొదట కోపం వచ్చింది. పారేసిన వస్తువును పట్టుకు వేలాడామా అని. ఆలోచిస్తే ఆ కోపం నిలవలేదు. బ్రిటన్ కొత్త ప్లగ్గు ఒంటరి వస్తువు కాదు. దాని వెనక వలయపు వైరింగు ఉంది, దాని వెనక కొత్తగా కట్టే లక్షల ఇళ్ళున్నాయి. అక్కడ కూడా పాత గుండ్రటి సాకెట్లు పాత ఇళ్ళలో దశాబ్దాల పాటు కొనసాగాయి. మన పల్లెల్లో అత్యధికం అప్పటికి కరెంటు మొహమే చూడలేదు. ముందు దీపం వెలగాలి, తరువాత గదా ప్లగ్గు ఆకారం. పైగా ఆ పాత ప్రమాణం చెడ్డదేమీ కాదు. మందమైన పిన్నులు, గట్టి పట్టు, పొడవాటి ఎర్తు. లోపం ఆకారంలో లేదు.

మార్చుకున్నవాళ్ళు లేరని కాదు. సింగపూరు, మలేసియా, హాంగ్‌కాంగ్ గుండ్రటి పిన్నులు వదిలి నలుపలకల పిన్నులకు మారాయి. మన పొరుగున శ్రీలంక కూడా 2010లలో ఆ ప్లగ్గునే జాతీయ ప్రమాణంగా నిర్ణయించుకుంది. దుబాయ్, కువైట్‌లలో ఉన్నవీ అవే కాబట్టి, కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళు తెచ్చే సామాను పెట్టెల్లో ఆ లావుపాటి ప్లగ్గులు కూడా దిగుతాయి. వాటిని కోసేసి మన ప్లగ్గు బిగించేటప్పుడు, అందులోని చిన్న ఫ్యూజు కూడా పోతుందన్న సంగతి ఎవరికీ తట్టదు.

ప్రపంచమంతటికీ ఒకే ప్లగ్గు ఉండాలన్న ప్రయత్నం కూడా జరిగింది. 1906లో పుట్టిన అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం ఏళ్ళ తరబడి చర్చించి, 1986లో ఒక చక్కని మూడు పిన్నుల నమూనా ప్రకటించింది. దాన్ని ఐరోపా పట్టించుకోలేదు. దాని ఆధారంగా కొత్త ప్రమాణం చేసుకుని దేశమంతా మారిన పెద్ద దేశం బ్రెజిల్. 2000ల చివరి సంవత్సరాల నుంచి అక్కడ కొత్త ప్లగ్గు తప్పనిసరి అయింది. అయితే బ్రెజిల్‌లో కొన్ని ఊళ్ళలో 127 వోల్టులు, కొన్నింటిలో 220. ఆకారం ఒకటయింది గాని, దాని వెనకున్నది ఒకటి కాలేదు. దక్షిణాఫ్రికా కూడా అదే దారిలో నెమ్మదిగా నడుస్తోంది. అక్కడి ఇళ్ళలో ఇప్పటికీ కనిపించే పాత ప్లగ్గు మన పదిహేను ఆంపియర్ల పవర్ ప్లగ్గే! ఇక ఫోన్ల సంగతి చూస్తే, 2024 డిసెంబరు నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే కొత్త ఫోన్లన్నిటికీ ఛార్జింగు మొన ఒకే రకంగా ఉండాలని చట్టం వచ్చింది. తీగకు ఒక కొసన ప్రపంచం దాదాపుగా ఏకమయింది. రెండో కొసన, గోడ దగ్గర, పదిహేను రకాలుగానే ఉండిపోయింది. ఫోను మూడేళ్ళకొకసారి మారుతుంది. గోడ మారదు.

ఇన్ని దేశాల గోడలు తిరిగొచ్చాక, చివరికి నాకు మిగిలిన ఆలోచన ఒకటే. ఏ దేశపు ప్లగ్గు గొప్పదన్న వాదన సరదాగా ఉంటుంది. బ్రిటన్‌దని కొందరు, షూకో అని కొందరు. కాని ప్లగ్గు ఆకారం ఒక మాట ఇవ్వడం మాత్రమే. ఆ మాట నిలబడేది గోడ వెనక. జర్మనీ పట్టీ అయినా, ఫ్రాన్సు పిన్ను అయినా, మన మూడో చిల్లు అయినా, వెనక తీగ ఉండి, ఆ తీగ నిజంగా భూమిని చేరితేనే దానికి అర్థం. మా ఇంటి సాకెట్టు పైకి 1934 నాటి ప్రమాణాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. లోపల మాత్రం రెండు చిల్లుల కాలంలోనే ఉండిపోయింది. తీగ ఖర్చు మిగుల్చుకున్నవాడు ఎవడో గాని, మూడో చిల్లు బిగించడం మాత్రం మరచిపోలేదు. అదే నన్ను ఎక్కువగా బాధించే విషయం. చిల్లు లేకపోయుంటే జాగ్రత్త పడేవాళ్ళమేమో. ఉంది కాబట్టి నమ్మాం.

మనం కూడా ఆ చిల్లును పెద్దగా గౌరవించలేదు. ఎర్తు పిన్ను విరిగిన ప్లగ్గును "రెండున్నాయి కదా, పనిచేస్తుంది" అని వాడుకున్నాం. మూతలున్న సాకెట్టులో రెండు పిన్నుల ప్లగ్గు దూరకపోతే పైచిల్లులో పెన్ను గుచ్చి మూతలు తెరిచాం. పసిపిల్లల కోసం పెట్టిన తాళాన్ని పసిపిల్లల ముందే తీసి చూపించాం. ఫోను ఛార్జరుకు రెండు పిన్నులు చాలు, నిజమే. దాని మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటుంది. తాకే లోహం లేకుండా రెండు పొరల రక్షణతో చేసినదని దాని అర్థం. ఫ్రిజ్జుకు, గ్రైండరుకు, గీజరుకు, ఇస్త్రీపెట్టెకు ఆ గుర్తు ఉండదు. వాటికి మూడో దారి ఒక్కటే రక్ష. ఆ దారితో పాటు, 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టగానే కరెంటు ఆపేసే ఇ.ఎల్.సి.బి. కూడా ఇంటికి ఉంటే మంచిది.

మా ఇంట్లో ఆ రోజు ఎలక్ట్రీషియను బోర్డు మళ్ళీ మూయలేదు. దొడ్లో బావి పక్కన గొయ్యి తవ్వించి, ఇనుప గొట్టం దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి పూడ్చి, అక్కణ్ణుంచి ప్రతి బోర్డుకూ మూడో తీగ లాగాడు. వేసవిలో మట్టి ఎండిపోతే పని చేయదు, అప్పుడప్పుడు నీళ్ళు పోస్తుండండి అని చెప్పి వెళ్ళాడు. మా అమ్మ ఆ మాట పట్టించుకుంది. ఎండాకాలంలో తులసికోటకు నీళ్ళు పోసినప్పుడల్లా ఆ గొయ్యిలోనూ ఒక చెంబెడు పోసేది. పీట మాత్రం చాలాకాలం వదలలేదు. "ఇప్పుడు భయం లేదమ్మా" అంటే, "ఉండనీరా, అలవాటయింది" అనేది.

మీ ఇంట్లో మూడో చిల్లు వెనక ఏముందో ఎప్పుడైనా చూశారా? మీరు విప్పకండి, తెలిసినవాళ్ళ చేత చూపించుకోండి. పాత ఇంట్లో తల్లిదండ్రులున్నవాళ్ళు ఈసారి ఊరెళ్ళినప్పుడు తప్పకుండా చూపించండి.